శాంపిల్ నంబరు ముప్పై రెండు

పొద్దున్న ఆరింటికి
మిల్లు కాలువ నాగావళిలో కలిసే చోట
మోకాలి లోతున నిలబడి
సీసాలు ముంచుతాను.
ఒకటి అప్పటికప్పుడు కొలవడానికి,
ఒకటి చీకట్లో దాచడానికి.

ఇరవై ఏడు డిగ్రీల పెట్టెలో మూడు రోజులు
సీసాలో నీరు తన ఊపిరి తనే తింటుంది.
ఎంత తిన్నదో రాయడం నా ఉద్యోగం.
మూడో రోజు మూత తీసేటప్పుడు
మా పెదనాన్న చిన్నదినం గుర్తొస్తుంది.
ఆవేళ వాకిట్లో
ఎవరూ గొంతు పెంచలేదు.

గేటు దగ్గర సరుగుడు లారీలు.
ముందు బండి బెవర తవిటినాయుడిది.
వరి వేసినన్నాళ్లూ అప్పేనట,
కర్ర వేశాకే కూతురి నర్సింగ్ ఫీజు కట్టాడట.
అబద్ధం కాదు.
నా జీతమూ ఆ పొట్టులోంచి రాలేదే.
కర్ర ఉడికే వాసన మాకెవరికీ తెలీదు,
చుట్టాలొచ్చి ముక్కు మూసుకుంటే తప్ప.

నిన్న వార్షిక నివేదిక ప్రూఫ్ వచ్చింది,
మా మిల్లు కాగితమే, మీగడ తెలుపు.
నలభై ఒకటో పేజీలో
ఒక పచ్చ బాణం కిందికి దిగుతోంది:
టన్ను కాగితానికి నీళ్లు
డెబ్భై నుంచి యాభై ఆరు.
ఇరవై శాతం మెరుగు.
కొలిచింది నేనే. తప్పు లేదు.

టన్నులు మాత్రం పన్నెండో పేజీలో ఉన్నాయి.
అక్కడ బాణం పైకి పోతోంది,
అదీ పచ్చదే.
రాత్రి అన్నం తిన్నాక
మా పాప లెక్కల నోటు వెనక అట్ట మీద
ఆ పేజీనీ ఈ పేజీనీ గుణించి చూశాను.
వచ్చిన అంకెకి
నివేదికలో పేజీ లేదు.

పాత రేవులో యాగాటి అసిరమ్మ బండ.
ఊళ్లోకి వాషింగ్ మెషీన్లు వచ్చాక
ఆవిడకి మిగిలినవి మూడిళ్లు.
"ఏటి బావూ, నీ సీసా ఏటంతంది?"
"బాగానే ఉందమ్మా, హద్దులోనే ఉంది."
"ఎవులి హద్దు?"

నేను చెప్పిన అంకెలన్నీ విని
చెంబులో అడుగు నీళ్లలా పక్కకి ఒంపేసి
మూట విప్పింది.
రెండు గుడ్డముక్కలు, ఒకే పంచెవి, జానెడేసి.
పోయిన అమాస కాణ్ణుంచి
ఒకటి బోరు నీట, ఒకటి ఏటి నీట,
రోజుకోపాలి జాడించి
ఒకే రాతి మీద ఆరేసిందట.
కంట్రోల్ శాంపిల్ అనే మాట ఆవిడ వినలేదు.
నేను దాన్ని పరీక్షలో రెండు మార్కులకి రాశాను.

మొదటిది సుద్దముక్కలా ఉంది.
రెండోది
టీ కొట్టు వడపోత గుడ్డ.

"సీసాకేటి తెలస్తాది, గాజు కదా.
నీళ్లు తాగదు.
గుడ్డ తాగుతాది."

ఈవేళ ఆడిటర్లు వచ్చారు.
తొట్టెలో శుద్ధిచేసిన నీళ్లలో చేపపిల్లల్ని చూపించారు,
మొన్న సాయంత్రం వేసినవి.
కొత్త బాయిలరు చూపించారు. అది మంచిదే,
నల్ల ద్రవాన్ని ఏట్లోకి పోనివ్వకుండా
కాల్చి కరెంటు చేస్తోంది.
మంచిదాన్ని మంచిదని రాశారు.
భోజనాలయ్యాక, కిళ్లీ వాసనతో,
ల్యాబులోకి వచ్చారు.

రిజిస్టరు తిప్పుతున్న వేలు ఒక దగ్గర ఆగింది.
రెండు గుడ్డముక్కలు, గుండుసూదితో.
కిందటి రాత్రి తడి పూర్తిగా ఆరలేదేమో
ఎదుటి పేజీకి లేతగా గోధుమరంగు దిగింది.

"ఇదేంటి?"
మేనేజరుగారు నా వైపు చూడలేదు.
ఫ్యాను వైపు చూస్తున్నారు.
"శాంపిల్ నంబరు ముప్పై రెండు సార్."
"ఎక్కడ తీశారు?"
"పాత రేవు."
"ఎవరు తీశారు?"
పేరు చెప్పాను, ఇంటిపేరుతో సహా.
"పద్ధతి?"

నోరు ఎండిపోయింది.
"ఉతికి ఆరేయడం సార్.
ఇరవై ఎనిమిది రోజులు."

ఆయన కాసేపు గుడ్డకేసి చూసి
పెన్ను మూత తీశాడు.